పెట్టుబడికి పదేండ్ల నివాసం – చెమటకు రెండేండ్ల వీసా

బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి – ఏ మండలానికి పోయినా గల్ఫ్ సంగతి తెలియని ఊరుండదు. వీసా అనే మాట మన పల్లెల్లో ఎరువు, విత్తనం, మిత్తి అన్న మాటల సరసన చేరి దశాబ్దాలు గడిచాయి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి, అరబ్బు దేశాల్లో కట్టడాలు జోరందుకున్న నాటి నుంచి నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు అక్కడికి మనుషులను పంపుతూనే ఉన్నాయి. తాపీ మేస్త్రీలు, డ్రైవర్లు, ఒంటెలూ గొర్రెలూ కాసేవాళ్లు, అరబ్బుల ఇండ్లల్ల పాచిపని చేసే ఆడబిడ్డలు – వీళ్లంతా మన చేలల్లో చెరకు నరికిన, నాట్లు వేసిన చేతులే.

అయితే వీసాల్లో మరో రకం ఉన్నది. అది పనికి ఇచ్చేది కాదు, పైసకు ఇచ్చేది. ఇంత సొమ్ము పెట్టు, మా దేశంలో ఇన్నేండ్లు ఉండు అని ప్రభుత్వాలే ధర కట్టి ఇచ్చేది. దాన్ని పెట్టుబడి వీసా అంటున్నారు. దుబాయిలో దానికి పెట్టిన పేరు గోల్డెన్ వీసా. కూలినాలి చేసుకునే మనకు దానితో పనేమిటి? రెండు కారణాల చేత పనున్నది. ఒకే దేశం, ఒకే విమానాశ్రయం, ఒకే చట్టం పైసగలవాడిని ఒక తూకంతోనూ, కష్టజీవిని మరో తూకంతోనూ ఎట్లా తూస్తుందో అందులో తేటతెల్లంగా కనబడుతుంది. రెండోది, ఆ బంగారు వీసా పేరు చెప్పి మన ఊళ్ల మీద పడే దళారులు తయారవుతున్నారు.

పైసకు తెరిచే తలుపులు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రభుత్వం గోల్డెన్ వీసాను 2019లో మొదలుపెట్టింది. 20 లక్షల దిర్హాముల విలువైన ఇల్లో, వాకిలో కొన్నవాడికి పదేండ్లు ఉండే హక్కు ఇస్తుంది. పదేండ్లు గడిస్తే మళ్లీ పొడిగిస్తుంది. దిర్హాము 23 రూపాయలని లెక్కగట్టినా ఇది 4 కోట్ల 60 లక్షల రూపాయలు. ఈ వీసా ఉన్నవాడికి కఫీల్ అక్కర్లేదు. ఆరు నెలలకు పైగా దేశం బయట ఉన్నా వీసా రద్దు కాదు. భార్యను, ఎంత వయసొచ్చిన పిల్లలనైనా తీసుకుపోవచ్చు. ఇంటి పనివాళ్లను ఇంతమందే అన్న హద్దు లేకుండా రప్పించుకోవచ్చు. ఈ చివరి మాటను మరోసారి చదవండి. ఆ రప్పించుకోబడే పనివాళ్లు ఎవరు? మనవాళ్లే.

సౌదీ అరేబియా కూడా 2019లోనే ఇటువంటి పథకం పెట్టింది. 8 లక్షల రియాళ్లు ఒక్కసారే కడితే శాశ్వత నివాసం. లేదా ఏడాదికి లక్ష రియాళ్ల చొప్పున కట్టుకుంటూ పోవచ్చు. కఫీల్ లేకుండా ఉండవచ్చుననేదే దాని పెద్ద ఆకర్షణ. కఫీల్ కాలి కింద బతకడం ఎంత కష్టమో ఆ ప్రభుత్వానికి తెలుసన్నమాట. తెలుసు కనుకనే దాన్నుంచి విముక్తికి ధర కట్టగలిగింది!

అమెరికా 1990 నుంచే ఈ వ్యాపారంలో ఉన్నది. 2022లో మార్చిన చట్టం ప్రకారం మామూలు చోట్ల 10 లక్షల 50 వేల డాలర్లు, వాళ్ల పల్లెప్రాంతాల్లోనో నిరుద్యోగం ఎక్కువున్న చోట్లనో అయితే 8 లక్షల డాలర్లు పెట్టాలి. ఆ పెట్టుబడితో అక్కడివాళ్లకు 10 ఉద్యోగాలు రావాలి. అప్పుడు పెట్టుబడి పెట్టినవాడికీ, వాని భార్యాబిడ్డలకూ గ్రీన్ కార్డు. డాలరు 85 రూపాయలని వేసుకున్నా 8 లక్షల డాలర్లంటే 6 కోట్ల 80 లక్షలు.

ఈ సొమ్ము మన దేశం నుంచి ఎట్లా పోతుంది? దొంగచాటుగా పోనక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2004లో ఒక పథకం పెట్టి, మనిషికి ఏడాదికి 25 వేల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చునన్నది. 2015 నాటికి ఆ హద్దు రెండున్నర లక్షల డాలర్లకు పెరిగింది. చిన్నపిల్లల పేరు మీద కూడా పంపవచ్చు. అంటే నలుగురున్న కుటుంబం ఏడాదికి 10 లక్షల డాలర్లు చట్టబద్ధంగానే దాటించవచ్చు. 2023-24లో ఈ దారిన పోయిన సొమ్ము 3 వేల కోట్ల డాలర్లు దాటింది. అందులో పిల్లల చదువులు, ప్రయాణాల ఖర్చులూ ఉన్నాయి, కాదనం. కాని దారి మాత్రం అదే.

మరి ఇటునుంచి అటు పోయిన కూలీలు, చిన్న ఉద్యోగులు, ఇతర ప్రవాసులు అంతా కలిసి దేశానికి పంపుతున్నదెంత? 2022 నుంచి ఏటా 10 వేల కోట్ల డాలర్లకు పైన. ప్రపంచంలో మరే దేశానికీ ఇంత రావడం లేదు. ఎండలో సిమెంటు మోసినవాడు తెచ్చిన డాలరుతో బ్యాంకుల ఖజానా నిండుతుంది. ఆ ఖజానాలోంచే ఉన్నవాడు తన బంగారు వీసాకు డాలరు తీసుకుపోతాడు.

మన కూలి పెట్టిన పెట్టుబడి

కూలిమనిషి ఉత్త చేతులతో పోతున్నాడనుకుంటే పొరపాటు. వాడూ పెట్టుబడి పెడుతున్నాడు. ఒక లెక్క వేసి చూద్దాం.

ఏజెంటుకూ, వైద్య పరీక్షలకూ, టిక్కెట్టుకూ కలిపి లక్షన్నర రూపాయలు అయిందనుకుందాం. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చాడనుకుందాం. నెలకు 4,500 రూపాయలు ఒక్క మిత్తికే పోతాయి. అక్కడ వెయ్యి దిర్హాముల జీతం దొరికితే 23 వేల రూపాయలు. తిండికీ ఫోనుకూ 300 దిర్హాములు పోను, ఇంటికి పంపగలిగేది 16,100. అందులోంచి మిత్తి కట్టి, ముసలి తల్లిదండ్రుల మందులకూ, పిల్లల ఫీజులకూ తీసి, మిగిలిందాంతో అసలు తీర్చాలి. రెండేండ్లలో అసలు తీర్చలేకపోతే మిత్తి కిందనే 1 లక్షా 8 వేలు సమర్పించుకున్నట్టు. ఇంటికాడ ఆడమనిషి బీడీలు చుట్టి ఆ లోటు పూడ్చాలి. ఈ వలసలో ఆమె వేళ్ల అరుగుదల కూడా ఒక పెట్టుబడే. దాన్ని ఏ దేశమూ లెక్కలోకి తీసుకోదు.

ఇప్పుడీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టండి. ఒకడు తన ఆస్తిలో కొంత తీసి ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు వానిదే, దాని కిరాయి వానిదే, ధర పెరిగితే లాభమూ వానిదే. వాడికి పదేండ్ల నివాసం. రెండోవాడు తనకున్నదంతా కుదువబెట్టి, లేనిది అప్పు తెచ్చి పెట్టాడు. వాడికి రెండేండ్ల వీసా. అదీ యజమాని పేరుతో ముడిపడినది. భార్యను తీసుకుపోదామంటే ఎమిరేట్స్‌లో నెలకు 4 వేల దిర్హాముల జీతమో, లేక 3 వేలూ ఉండటానికి ఇల్లూ ఉండాలంటారు. వెయ్యి దిర్హాముల మనిషికి అది ఎప్పటి మాట? ఇరవై ఏండ్లు పనిచేసినా అక్కడ స్థిరపడే హక్కు రాదు. కాలూచెయ్యీ ఆడినన్నాళ్లే మనిషి, ఆ తర్వాత పిప్పి. వెయ్యి దిర్హాముల మనిషి తిండి మానేసి, పైసా ఇంటికి పంపకుండా కూడబెట్టినా, గోల్డెన్ వీసాకు కావలసిన 20 లక్షల దిర్హాములు జమ కావడానికి 166 ఏండ్లు దాటుతుంది.

మరో కిటుకు కూడా చెప్పుకోవాలి. మనవాళ్లు అజాద్ వీసా అంటుంటారు. అరబ్బు ఎవడో తన పేరు మీద వీసా తీసి అమ్ముతాడు. పోయినవాడు బయట ఎక్కడో పని వెతుక్కోవాలి. పేరుకే అజాద్. చట్టం కళ్లల్లో వాడు కఫీల్ దగ్గర లేకుండా పారిపోయినవాడే. పట్టుబడితే జైలు, జుర్మానా. అట్లా ఖల్లీవల్లీ అయినవాళ్లు క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూస్తూ బతుకుతారు. ఎమిరేట్స్ 2018లో ఒకసారి, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా మరోసారి క్షమాభిక్ష ఇచ్చింది. అప్పుతో పోయి ఉత్త చేతులతో వచ్చినవాళ్ల పెట్టుబడికి ఏ దేశం రసీదు ఇచ్చింది?

ఫ్యాక్టరీ పొగ ఆగిన చోట

ఇంత తెలిసీ ఎందుకు పోతున్నారని పట్టణాల్లో పెద్దమనుషులు అడుగుతుంటారు. జవాబు శక్కర్‌నగర్ చిమ్నీని అడగాలి.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటి ఆధారంతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పారు. ఒకప్పుడు అది ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు మోసింది. దాని చుట్టూ ఒక లోకం నడిచింది: చెరకు నాటేవాడు, నరికేవాడు, బండి తోలేవాడు, గానుగాడే రోజుల్లో సీజను పని చేసేవాడు, ఫ్యాక్టరీ గేటు ముందు చాయ అమ్మేవాడు. కోస్తా జిల్లాల నుంచి రైతులు డబ్బు పట్టుకొచ్చి నిజాంసాగర్ కాలువల కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లను వీసా అడిగినవాడు లేడు. ఇక్కడి భూమి, ఇక్కడి నీళ్లు, ఇక్కడి కూలి కలిసి ఆ ఫ్యాక్టరీని నిలబెట్టాయి.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఆస్తిలో 51 శాతం వాటాను ప్రైవేటుకు అప్పగించింది. పెట్టుబడి వస్తుంది, ఫ్యాక్టరీ వెలిగిపోతుంది అన్నారు. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లకు కూడా లేఆఫ్ ప్రకటించారు. చెరకు రైతు తన పంటను దూరపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు మోసుకుపోవాల్సి వచ్చింది. చాలామంది చెరకే మానేసి వరికీ, సోయాకూ, పసుపుకూ మళ్లారు. వరికోతకు మిషన్లొచ్చాయి. నెలల తరబడి దొరికే చెరకు పని పోయింది. 2024 జనవరిలో ఫ్యాక్టరీల పునరుద్ధరణ కోసమని రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. కమిటీలను నమ్ముకుని కడుపు నిండదని తెలిసిన పడుచుపిల్లలు నిజామాబాద్‌లో పాసుపోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమెరికా తన పల్లెల్లో పది మందికి పని దొరకాలని, అక్కడ పెట్టుబడి పెట్టేవాడికి రేటు తగ్గించి మరీ గ్రీన్ కార్డు చూపుతోంది. పల్లెలో ఉద్యోగానికి ఎంత విలువుందో ఆ దేశానికి తెలుసు. మన దగ్గర పల్లెలో నడుస్తున్న ఫ్యాక్టరీని చేజేతులా పోగొట్టుకున్నాం. మన సంపన్నుల సొమ్ము పోయి అమెరికా పల్లెలో పదిమందికి పని చూపుతుంది. బోధన్ పల్లె మాత్రం పని కోసం విమానం ఎక్కుతుంది.

ఇంకొక చెరకు దేశం కథ

ఈ కథ మనదొక్కరిదే కాదు. భూగోళం ఆవలి వైపున, కరేబియన్ సముద్రంలో సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అని చిన్న ద్వీపదేశం ఉన్నది. జనాభా 50 వేల లోపు. మూడున్నర శతాబ్దాలు అక్కడ చెరకే పంట, చెరకే బతుకు. మొదట ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి దున్నించారు. 1834లో బానిసత్వం రద్దయ్యాక, మన దేశం నుంచి కూడా కొందరు కూలీలను ఓడల్లో దించారు.

1983లో దేశం స్వతంత్రమైంది. మరుసటి ఏడే, 1984లో, పెట్టుబడి పెట్టినవాడికి పౌరసత్వం ఇచ్చే చట్టం చేసింది. ఈ వ్యాపారంలో ఇది ప్రపంచంలోనే అతి పాత పథకాల్లో ఒకటి. ఐరోపా దేశాలు చక్కెరకు ఇస్తూ వచ్చిన మంచి ధరలకు ఎసరు వచ్చింది. ప్రభుత్వ చక్కెర సంస్థ అప్పుల్లో మునిగింది. 2005లో చక్కెర పరిశ్రమను మూసేశారు. వెయ్యి మందికి పైగా కార్మికులు రోడ్డున పడ్డారు. 2006లో ఒక నిధి పెట్టారు. దాని పేరే చక్కెర పరిశ్రమ స్థానంలో వేరే పరిశ్రమలు తెచ్చే నిధి. అందులో చందా కట్టిన విదేశీయుడికి పాసుపోర్టు! వాడు ఆ దేశంలో కాపురం ఉండనక్కర్లేదు. ఇప్పుడు ఆ చందా రెండున్నర లక్షల డాలర్ల నుంచి మొదలవుతుంది.

పాసుపోర్టుల అమ్మకం ఆ ప్రభుత్వ ఆదాయంలో పెద్ద వాటా అయింది. ఆ డబ్బుతో కొన్ని మంచి పనులూ జరిగాయి, ఉపాధి శిక్షణలూ నడిచాయి. కాని ఒక్క పంట మీద బతికిన దేశం ఒక్క కాగితం మీద బతకడానికి అలవాటు పడింది. చక్కెర ధర ఐరోపా చేతిలో ఉన్నట్టే పాసుపోర్టు ధర కూడా పెద్ద దేశాల చేతిలోనే ఉన్నది. 2014లో ఆ పాసుపోర్టుల దుర్వినియోగం గురించి అమెరికా హెచ్చరిక జారీ చేసింది, కెనడా వీసా లేకుండా రానివ్వడం ఆపేసింది. చెరకు మోసిన రైలు పట్టాల మీద ఇవాళ యాత్రికుల రైలు తిరుగుతున్నది. చెరకు కూలి చెమటతో పుట్టిన దేశం పౌరసత్వాన్ని, ఆ చెరకు కూలి పేరే చెప్పి, ఎన్నడూ చెరకు ముట్టనివాడికి అమ్మారు.

ఈ పాసుపోర్టులు ఎవరికి అక్కరకొస్తాయి? అందరూ దొంగలని అనలేం. కాని ఒక్క ఉదాహరణ చాలు. పంజాబ్ నేషనల్ బ్యాంకును 13 వేల కోట్లకు పైగా ముంచిన కుంభకోణంలో నిందితుడైన వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ, 2017 నవంబరులో పక్కనే ఉన్న మరో చెరకు ద్వీపం ఆంటిగ్వా పౌరసత్వం పెట్టుబడి మార్గంలో తీసుకున్నాడు. 2018 జనవరిలో దేశం దాటాడు. 2025 ఏప్రిల్లో గాని బెల్జియంలో అరెస్టు కాలేదు. పంట రుణం కట్టలేని రైతు ఇంటి ముందు బ్యాంకు జీపు ఆగడానికి ఏడేండ్లు పడుతుందా?

మూడు పౌండ్ల పన్ను

నివాసానికి ధర కట్టడం కొత్త తెలివి కూడా కాదు. ఇప్పుడు ధర కట్టింది ఉన్నవాడికి. వెనుక ఒకప్పుడు కట్టింది చెరకు కూలికే. ఆ చరిత్ర మన తెలుగు కూలీలదే.

1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరానికి కూలీలను చేర్చింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ఓడలు పోతూనే ఉన్నాయి. విశాఖ, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్లు వేలాదిగా అక్కడి చెరకు తోటలకు పోయారు. ఐదేండ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. ఒప్పందం తీరాక కొందరు అక్కడే చిన్న కమతాలు చేసుకుని, కూరగాయలు పండించి, కాళ్ల మీద నిలబడ్డారు. తోటల దొరలకు అది గిట్టలేదు. 1895లో చట్టం తెచ్చారు. ఒప్పందం తీరిన కూలీ మళ్లీ ఒప్పందమన్నా రాయాలి, తిరిగి ఇండియాకన్నా పోవాలి, కాదంటే ఆ గడ్డ మీద ఉండే అనుమతికి ఏడాదికి మూడు పౌండ్లు కట్టాలి. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏడు జీతం లెక్కన ఆరు నెలల రెక్కల కష్టం. తర్వాత ఆ పన్నును ఎదిగిన పిల్లలకూ తగిలించారు.

ఆ పన్ను దయాదాక్షిణ్యాలతో పోలేదు. 1913 అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గుగనుల భారతీయ కార్మికులు గాంధీ పిలుపు మీద పని ఆపారు. ఆడవాళ్లు జైళ్లకు పోయారు. నవంబరులో సమ్మె తీరం పొడవునా చెరకు తోటలకు అంటుకుంది. పోలీసు కాల్పుల్లో కూలీలు చనిపోయారు. అయినా వెనక్కు తగ్గలేదు. 1914లో మూడు పౌండ్ల పన్ను రద్దయింది. ఓట్లు లేనివాళ్లు, పరాయి దేశంలో కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్లు సాధించిన గెలుపు అది. నాటి దొర చెరకు కూలీతో నివాసానికి డబ్బు కట్టు అన్నాడు. నేటి ప్రభుత్వం నీకు నివాసమే లేదు, డబ్బున్నవాడికే ఉన్నది అంటున్నది. మాట మారింది గాని తూకం మారలేదు.

దళారీ మాటలు – మన జాగ్రత్తలు

2025 జూలైలో ఒక పుకారు దేశమంతా తిరిగింది. లక్ష దిర్హాములు, అంటే సుమారు 23 లక్షల రూపాయలు కడితే భారతీయులకు జీవితకాలం దుబాయి గోల్డెన్ వీసా వస్తుందని పత్రికల్లో, ఫోన్లలో హోరెత్తింది. రెండు మూడు రోజుల్లోనే ఎమిరేట్స్ ప్రభుత్వం అది అబద్ధమని ఖండించింది. కాని ఇట్లాంటి మాట ఒకసారి పుడితే ఊరిదాకా రాక మానదు. ఎకరం అమ్మితే ఇంత, ప్లాటు అమ్మితే అంత, కొడుకు జీవితాంతం దుబాయిలోనే అని లెక్కలు చెప్పేవాడు తయారవుతాడు. నీ పేరు మీద కంపెనీ పెట్టిస్తా, వాటాదారుగా రాయిస్తా, కఫీల్ బెడద ఉండదు అని చెప్పేవాడూ వస్తాడు. చదవరాని భాషలో సంతకం పెట్టి వాటాదారు అయితే ఆ కంపెనీ బాకీలు, చెల్లని చెక్కులు మన మెడకు చుట్టుకునే ప్రమాదం ఉన్నది. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య – ఏజెంటు సంగతి అంతే.

కనుక పోయేవాళ్లు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి.

మొదటిది: 1983 వలసల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు ఆ హక్కు లేదు. లైసెన్సు ఉన్నదీ లేనిదీ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది.

రెండోది: ఏజెంటు తీసుకోగల ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే అది లూటీ. కట్టిన ప్రతి పైసకూ రసీదు అడగాలి. ఎమిరేట్స్‌లో 2021లో వచ్చిన కార్మిక చట్టమైతే నియామకపు ఖర్చులు కార్మికుడి మీద వేయరాదనే చెబుతోంది. అంటే మనవాళ్లు అప్పు తెచ్చి కడుతున్న వీసా సొమ్ము అక్కడి చట్టం దృష్టిలో యజమాని కట్టవలసినది.

మూడోది: విజిట్ వీసా మీద పనికి పోవద్దు. పదో తరగతి చదవనివాళ్లు గల్ఫ్‌కు ఉద్యోగానికి పోవాలంటే వలసల అధికారి అనుమతి ఉండాలి. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంలో మనిషి పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయినవాడికి ఈ రక్షణ ఉండదు.

నాలుగోది: ఒప్పందం కాగితం ఏ భాషలో ఉన్నా తెలుగులో చదివించుకుని, ఒక నకలు ఇంట్లో పెట్టి పోవాలి. జీతం, పనిగంటలు, తిండి, ఇల్లు ఎవరిదన్నది అందులో ఉండాలి.

అడగాల్సింది ఎవరిని?

జాగ్రత్తలు ఒక్కొక్కరిని కాపాడతాయి. తూకాన్ని మార్చాలంటే అందరూ కలిసి అడగాలి. అడిగితే కదులుతుందనడానికి రుజువులున్నాయి. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో, కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ పోయే కార్మికులకు నిర్ణయించిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. కార్మిక సంఘాలు, ప్రవాసుల సంఘాలు గొంతెత్తాయి. తెలంగాణ హైకోర్టు దాకా పోయారు. 2021 జూలైలో ఆ కోతను ఉపసంహరించుకున్నారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇవ్వాలని ఏండ్ల తరబడి అడిగితే 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఉన్నవాళ్ల దేశాల్లోనూ ఈ అమ్మకాలు శాశ్వతం కాదు. స్పెయిన్ 2013లో తెచ్చిన బంగారు వీసాను 2025 ఏప్రిల్లో ఎత్తేసింది. డబ్బున్న విదేశీయులు ఇండ్లు కొనేస్తుంటే తమ ప్రజలకు తలదాచుకునే చోటు కరువవుతున్నదని ఆ ప్రభుత్వం చెప్పిన కారణం. అదే నెలాఖరున ఐరోపా న్యాయస్థానం మాల్టా దేశం పౌరసత్వాన్ని అమ్ముకోవడం చెల్లదని తీర్పు చెప్పింది. పౌరసత్వం సరుకు కాదన్న మాట ఇవాళ న్యాయస్థానాలే చెబుతున్నాయి.

మరి మనం ఏం అడగాలి? ఒక దేశంలో పదేండ్లు చెమటోడ్చినవాడికి, పదేండ్లకు సరిపడా ఇల్లు కొన్నవాడికి ఉన్న మర్యాదలో సగమన్నా ఉండాలని అడగాలి. పని మారే హక్కు, పాసుపోర్టు తన దగ్గరే ఉంచుకునే హక్కు, ఎగ్గొట్టిన జీతం వసూలు చేసుకునేదాకా ఆ దేశంలో ఉండే హక్కు కావాలని, మన ప్రభుత్వం ఆ దేశాలతో చేసుకునే ప్రతి ఒప్పందంలోనూ ఈ మాట రాయించాలని అడగాలి. వీసా అప్పులకు సావుకారి దగ్గరికి పోకుండా తక్కువ మిత్తికి బ్యాంకు రుణం ఇప్పించాలని అడగాలి. తిరిగొచ్చినవాడికి ఊళ్లో పని చూపాలని అడగాలి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది బోధన్‌లోనే ఉన్నది. శక్కర్‌నగర్ గేటు తెరవాలి. చెరకుకు గిట్టుబాటు ధర, కూలికి సీజనంతా పని ఉండాలి. విదేశం పోదలచినవాడు పోనీ, అది వాని ఇష్టం. కాని పోక తప్పనివాడు ఒక్కడు కూడా ఉండకూడదు. పరాయి దేశంలో నివాసానికి కోట్లు పెట్టగలవాడికి సొంత ఊరు ఒక చిరునామా మాత్రమే. ఏమీ పెట్టలేనివాడికి ఆ ఊరే ఆస్తి. ఆ ఆస్తిని బతికించుకోవడమే మన రైతుకూలీలు పెట్టగల అసలైన పెట్టుబడి. దానికి ఏజెంటు అక్కర్లేదు, కఫీల్ అక్కర్లేదు. పక్కవాడు కలిసి రావాలి, అంతే.